నూట ఎనభై ఏడో పేజీ

మా ఆఫీసులో దారం బాబాయి అంటే తెలియనివాళ్ళు లేరు. అసలు పేరు జీతాల పట్టీలో ఉండేది, అక్కడే ఉండిపోయింది. ఫైళ్ళు కుట్టే మనిషి కాబట్టి దారం. అందరికన్నా ముందొచ్చి అందరూ వెళ్ళాక వెళ్ళే మనిషి కాబట్టి బాబాయి. బట్టతల, చెవి మీద పెన్సిలు, చొక్కా జేబుకు గుచ్చిన దబ్బనం. ఆ దబ్బనం ఎప్పుడో గుండెల్లో దిగుతుందని నేను భయపడేదాన్ని. దిగింది వేరే.

నేను రికార్డు రూములో చేరిన మొదటి రోజు రెండు వందల పేజీల ఫైలు నా ముందు పెట్టి లెక్కపెట్టమన్నాడు. లెక్కపెట్టి, రెండు వందలు సరిగ్గా ఉన్నాయన్నాను.

"ఇప్పుడు వెనక నుంచి లెక్కపెట్టమ్మా."

"ముందు నుంచి లెక్కపెడితే వచ్చిన అంకె వెనక నుంచి లెక్కపెడితే మారుతుందా?" అన్నాను. చదువుకున్నదాన్నన్న పొగరు.

"ముందు నుంచి లెక్కపెట్టేటప్పుడు ఎంత రావాలో మనకు తెలుసు. అందుకే అంతే వస్తుంది. వెనక నుంచి లెక్కపెట్టేటప్పుడు కాగితం చెబుతుంది."

వెనక నుంచి నూట తొంభై తొమ్మిదే వచ్చాయి. రెండు కాగితాలు అతుక్కుపోయి ఉన్నాయి. నేను మొహం మాడ్చుకుని కూర్చున్నాను. ఆ రోజే నాకు మిరపకాయ్ అని పేరు పెట్టాడు. నా నోరు చూస్తే ఆ పేరు ఎవరైనా పెట్టేవారే గానీ, ముందు పెట్టింది ఆయన.

ఆయన పద్ధతి చెప్పకపోతే ఈ కథ అర్థం కాదు. ప్రతి కాగితానికీ పైన కుడిపక్క పెన్సిల్‌తో అంకె వేస్తాడు. అంచున మూడు రంధ్రాలు చేసి, కొవ్వొత్తి రుద్దిన దారంతో కుట్టి, చివర ఎడమచేత్తో ఒక ముడి వేస్తాడు. అది చూడ్డానికి చిన్న ముడే, విప్పడం మాత్రం బ్రహ్మతరం కాదు. తర్వాత పెద్ద రిజిస్టరులో ఫలానా ఫైలు, ఇన్ని పేజీలు అని రాసి సంతకం పెడతాడు. ఎవరైనా ఫైలు తీసుకెళ్తే వాళ్ళ సంతకం. తిరిగి తెస్తే ముందు నుంచి ఒకసారి, వెనక నుంచి ఒకసారి లెక్కపెట్టి, అప్పుడు తన సంతకం. తెచ్చినవాడు ఎంత పెద్దవాడైనా, అంతసేపూ ఎదురుగా నిలబడాల్సిందే. పైనుంచి వచ్చినవాళ్ళు విసుక్కునేవారు, గడియారం చూసుకునేవారు. బాబాయికి అది గోడకు చెప్పినట్టే.

ఆయనకు ఇంకో నియమం ఉంది. ఫైలు చదవడు. "లెక్కపెట్టేవాడు చదవకూడదు. చదివితే ఒకటి ముద్దొస్తుంది, ఒకటి చేదవుతుంది. నాకు అన్నీ కాగితాలే" అనేవాడు.

ఆయన ఇల్లు ఆఫీసుకు రెండు వీధుల అవతల, మేడ మీద రెండు గదులు. ఆయన భార్యను నేను పిన్నీ అనేదాన్ని. పిల్లలు లేరు. "మీ బాబాయి నా తలవెంట్రుకలు కూడా లెక్కపెట్టేశారే. దిష్టి తగిలి రాలిపోతున్నాయి" అని పిన్ని నవ్వేది. మేడ మెట్లు పదిహేడు. ఆ సంగతి ఎవరూ అడగకపోయినా ఆయనే చెప్పేవాడు.

పిల్లలు లేరన్నాను గానీ, ఒకడున్నాడు. నాకన్నా పదేళ్ళ ముందు గుమాస్తాగా చేరి, బాబాయి దగ్గరే లెక్కపెట్టడం, కుట్టడం నేర్చుకున్నాడు. మధ్యాహ్నం బాబాయి డబ్బాలో అన్నమే తినేవాడు, ఆయన బల్ల మీదే పరీక్షలకు చదివేవాడు. ఒక్కొక్క పరీక్షా గట్టెక్కి పై అంతస్తు చేరాడు. అందరూ చిన్న సారు అంటారు. బాబాయి మాత్రం నాన్నా అనేవాడు, ఆయన బాబాయిని గురువుగారూ అనేవాడు. చిన్న సారుకు పెద్ద గది వచ్చిన రోజు బాబాయి నలభై రెండు మెట్లెక్కి వెళ్ళి, గుమ్మంలోంచే చూసి, లోపలికి పోకుండా తిరిగొచ్చాడు. "కిటికీలు నాలుగున్నాయి మిరపకాయ్" అన్నాడు. అంత సంతోషం ఆయన మొహంలో మళ్ళీ నేను చూడలేదు.

ఇక లాంచీ సంగతి.

నది దాటించే ప్రభుత్వ లాంచీ ఒక ఉదయం నడిమధ్యలో మునిగింది. ఇరవై మంది పోయారు. రేవులో ఒక రాయి నిలబెట్టి పేర్లు చెక్కారు. పందొమ్మిది పేర్లే చెక్కారు. ఇరవయ్యో మనిషి లాంచీ నడిపిన సరంగు. విచారణ జరిగి, ముప్ఫై పేజీల నివేదిక బయటికొచ్చింది. సరంగు పరిమితికి మించి జనాన్ని ఎక్కించాడు, తప్పంతా అతనిదే అని తేల్చారు. ముంచినవాడి పేరు మునిగినవాళ్ళ పక్కన ఎలా చెక్కుతారన్నారు జనం. చచ్చినవాడు వచ్చి జవాబు చెప్పడు కాబట్టి ఆ మాట అలాగే నిలబడిపోయింది.

నివేదిక వెనక ఉన్న సాక్ష్యాలు, ఉత్తరాలు, కొలతలు అన్నీ మా దగ్గరికి వచ్చాయి, "సున్నితమైనది" అన్న ముద్రతో. ఎవరికి సున్నితమో ముద్రలో ఉండదు. బాబాయి కుట్టాడు, లెక్కపెట్టాడు, నాలుగు వందల పన్నెండు అని రిజిస్టరులో రాశాడు.

ఆ కుట్టడంలోనే ఆయన నియమం తప్పింది. నూట ఎనభై ఏడో కాగితం మిగతావాటిలా లేదు. టికెట్ల పుస్తకంలోంచి చించిన చిన్న కాగితం, డీజిలు మరక. కుట్టడానికి అంచు చాలలేదు. దాన్ని తెల్లకాగితం మీద అంటించి కుట్టాల్సి వచ్చింది. జిగురు ఆరేదాకా వేళ్ళతో అదిమి పట్టుకుని కూర్చున్నాడు. కళ్ళెదుట ఎనిమిది పంక్తులు, పెన్సిలు రాత. ఎంతసేపని పక్కకు చూస్తాడు? చదివాడు.

ఆ సాయంత్రం తాళాలు వేస్తూ, "మిరపకాయ్, ఇవాళ ఒక కాగితం చదివాను. తప్పు చేశాను" అన్నాడు. ఏ కాగితమని నేను అడగలేదు, ఆయన చెప్పలేదు.

తర్వాతి మంగళవారం నుంచి సరంగు భార్య రావడం మొదలైంది. అర్జీలు తీసుకునేది మంగళవారమే. ఆవిడ ఆసుపత్రిలో దుప్పట్లు ఉతికి ఇస్త్రీ చేసే పనిలో ఉండేది. దగ్గరికొస్తే గంజి వాసన. వరండాలో మా కిటికీ ఎదుటి బెంచీ మీద కూర్చునేది, ప్రతిసారీ ఒకటే మాట.

"మా ఆయన ముందే కాగితం రాశాడమ్మా. లాంచీ బాగోలేదు, నడపనని రాశాడు. మా అమ్మాయి పెన్సిలు నేనే తెచ్చిచ్చాను. టికెట్ల పుస్తకం చించి నా కళ్ళముందే రాశాడు. ఆ కాగితం మీ దగ్గరుందో లేదో చెబితే చాలు. రాయి మీద పేరు రాయించుకుంటాను."

ఆ ఫైలు బయటికివ్వం, వివరం చెప్పం అని నేను చావు కబురు చల్లగా చెప్పేదాన్ని. నా ఉద్యోగం అది. ఆవిడ తలూపి, ఇంకాసేపు కూర్చుని, వెళ్ళిపోయేది. వీధిలో ఆవిణ్ణి ముంచినోడి పెళ్ళాం అంటారట. బళ్ళో కూతురి పక్కన ఎవరూ కూర్చోరట. ఇవన్నీ ఏడవకుండా చెప్పేది. ఏడిస్తే నాకు కాస్త తేలికగా ఉండేది.

బాబాయి ఆ మంగళవారాల్లో కిటికీ వైపు వీపు పెట్టుకుని కుట్టేవాడు. ఆయన వేలికి దబ్బనం గుచ్చుకోవడం ఆ రోజుల్లోనే చూశాను. నోరు విప్పితే ఉద్యోగం పోతుంది, విప్పకపోతే నిద్ర పోతుంది. నాలుగేళ్ళు అలా గడిపాడు మనిషి.

నాలుగో ఏట పోయినవాళ్ళ బంధువులు కోర్టుకెళ్ళి గెలిచారు. ఫైలంతా బయటపెట్టాలని తీర్పు వచ్చింది. పేపర్ల వాళ్ళు గోల చేశారు. మంత్రిగారు కెమెరాల ముందు నిలబడి, "మా దగ్గర దాచడానికేమీ లేదు" అన్నారు. ఆ మాట వినబడిందంటే మా బీరువాలకు వణుకు పుడుతుంది. మర్నాడే ఫైలు పైకి పంపమని కబురొచ్చింది, పరిశీలనకట. పదకొండు రోజులు పైనే ఉంది.

పన్నెండో రోజు దాన్ని తిరిగి తెచ్చింది చిన్న సారు. బంట్రోతు కాదు, స్వయంగా ఆయనే ఫైలు చంకలో పెట్టుకుని మెట్లు దిగి వచ్చాడు. బాబాయి కంగారుగా లేచి, చొక్కాతో స్టూలు తుడిచాడు. ఒకప్పుడు చిన్న సారు కూర్చుని చదువుకున్న స్టూలే. చిన్న సారు దాని మీద కూర్చుని, మోకాళ్ళు ఎలా ఉన్నాయన్నాడు, పిన్నిగారు ఎలా ఉన్నారన్నాడు. ఈ గదిలో వాసన మారలేదు గురువుగారూ అన్నాడు. బాబాయి కళ్ళు తడయ్యాయి.

"లెక్కపెట్టుకోండి" అని ఫైలు బల్ల మీద పెట్టాడు చిన్న సారు.

నేను చెయ్యి చాచాను. బాబాయి నా చెయ్యి పక్కకు నెట్టాడు.

"నీ చేతి నుంచి వచ్చినదానికి లెక్కేమిటి నాన్నా" అన్నాడు. రిజిస్టరు తెరిచి, నాలుగు వందల పన్నెండు సరిగ్గా ముట్టాయి అని రాసి సంతకం పెట్టాడు.

చిన్న సారు ఆ సంతకం వైపు కొంచెంసేపు చూశాడు. తర్వాత పని ఉందని లేచి వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున బంధువులకు నకళ్ళు తీయడానికి ఫైలు తెరిచాను. నూట ఎనభై ఆరు తర్వాత నూట ఎనభై ఎనిమిది. ముందు నుంచి లెక్కపెడితే నాలుగు వందల పదకొండు, వెనక నుంచీ అంతే. బాబాయిని పిలిచాను. ఆయన కాగితాలు చూడలేదు. దారం చూశాడు. పాత దారం కొవ్వొత్తి పట్టి పసుపు రంగుకొస్తుంది. ఇది తెల్లగా ఉంది. చివర ముడి మాత్రం బాబాయి ముడే, ఎడమచేతి ముడి. ఆ ముడి వేయడం తెలిసినవాళ్ళం ఈ లోకంలో ముగ్గురమే ఉన్నాం.

ఆయన ఆ ముడిని బొటనవేలితో తడిమాడు. "చక్కగా వేశాడు" అన్నాడు. అంతే అన్నాడు. నాకు ఏడుపొచ్చింది, దానికన్నా ముందు కోపం వచ్చింది. అడ్డాల నాడు బిడ్డలు గానీ గడ్డాల నాడు కాదని ఊరికే అనలేదు పెద్దవాళ్ళు. ఆ మాట పైకే అనేశాను. ఆయన వినిపించుకోలేదు.

ఇద్దరం పైకి వెళ్ళాం, రిజిస్టరు నేను పట్టుకున్నాను. నాలుగు కిటికీల గదిలోకి బాబాయి అడుగుపెట్టడం అదే మొదటిసారి.

చిన్న సారు తలుపు వేయించాడు. మొదట నీళ్ళు నమిలాడు. తర్వాత మెల్లగా అన్నాడు. "ఒక్క అంకె గురువుగారూ. అంకె వేసేటప్పుడు పొరపాటున ఒకటి దాటిపోయిందని రాయండి. నాలుగు వందల పదకొండు అని దిద్దండి. మూడు నెలల్లో రిటైర్ అవుతారు. మీ జోలికి ఎవరూ రారు."

"ఆ కాగితం ఏదీ?"

"ఇప్పుడు లేదు."

"నువ్వే తీశావా?"

"తీయమన్నవాళ్ళు చాలా పైన ఉన్నారు. నేను కాకపోతే ఇంకొకడు తీసేవాడు. చింపి తీసేవాడు. నేను కాబట్టి కుట్టు పాడవకుండా..." అని ఆగిపోయాడు.

కుట్టు పాడవకుండా అట. చేసిన పాపంలో కూడా పనితనం చూపించుకున్నాడు. నేను నోరు తెరవబోతే బాబాయి వారించాడు. రేపు చెబుతానని చెప్పి కిందకు దిగాడు. దిగేటప్పుడు మెట్లు లెక్కపెట్టలేదు. ఆయన పెదాలు కదలకపోవడం నేను గమనించాను.

సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళాను. పోయింది సరంగు రాసిన కాగితమేనని అప్పుడు చెప్పాడు బాబాయి. పిన్ని బియ్యంలో రాళ్ళు ఏరుతూ కూర్చుంది. సంగతంతా అప్పటికే విన్నట్టుంది. "దిద్దితే ఎవరికి నష్టమే?" అని నన్నడిగింది. గంజి వాసన గురించి, బెంచీ గురించి, పందొమ్మిది పేర్ల గురించి చెప్పాను. పిన్ని చేట పక్కన పెట్టింది. "అయితే దిద్దకండి" అంది బాబాయితో. "మూడు నెలల జీతం కోసం ముప్ఫై ఒక్క ఏళ్ళ లెక్క తప్పని రాసుకుంటారా?"

ఆ మాట అనడం ఒక్కటే పిన్ని ఆ రోజు చేసింది. తర్వాత పడిన కష్టాలన్నీ ఆ ఒక్క మాటకు చెల్లించుకున్న ధరే.

మర్నాడు బాబాయి బీరువాలోంచి ఒక ఫారం తీశాడు. నష్టపత్రం. రికార్డు రూములో ఏదైనా కాగితం పోతే నింపేది. ఇన్నేళ్ళలో దాన్ని వాడాల్సిన అవసరం రాలేదు, అంచులు ఎర్రబడిపోయాయి. మొదటి గడిలో, ఎవరి వద్ద పోయినది అన్నచోట, తన పేరు, హోదా రాశాడు.

నేను పెన్ను లాక్కున్నాను. "మీరు పోగొట్టారా? మతి పోయిందా మీకు? కొరివితో తల గోక్కుంటారా ఎవరైనా? వాడు తీశాడని రాయండి."

"ఫైలు ముట్టిందని నా సంతకం ఉంది మిరపకాయ్. వాడు తీశాడంటే, అయితే సంతకం ఎందుకు పెట్టావంటారు. అబద్ధం సంతకం పెట్టేవాడు చెప్పే లెక్క కూడా అబద్ధమే అంటారు. అలాంటి కాగితమే లేదంటారు. అక్కడితో అయిపోతుంది."

"అందుకని నిందంతా నెత్తిన వేసుకుంటారా?"

"ఎవరు పోగొట్టారన్నది ఒక గడి. పోయింది ఏమిటన్నది ఇంకో గడి. మొదటి గడిలో నా పేరుంటే వాళ్ళు సంతోషంగా ఒప్పుకుంటారు. మొదటిది ఒప్పుకుంటే రెండోది ఒప్పుకున్నట్టే."

రెండో గడి, పోయిన పత్రం వివరం. అందులో ఆయన చిన్న అక్షరాలతో రాశాడు. టికెట్ల పుస్తకంలోని కాగితం, ఒకటి, డీజిలు మరక, తెల్లకాగితం మీద అంటించబడినది, పెన్సిలు రాత, ఎనిమిది పంక్తులు. తర్వాత ఆ ఎనిమిది పంక్తులూ రాశాడు. నాలుగేళ్ళ కిందట జిగురు ఆరేంతసేపు చదివింది, అక్షరం పోకుండా.

లాంచీ అడుగు చెక్క పుచ్చిపోయింది. నీళ్ళు తోడడానికి ఇద్దరు కూడా చాలడం లేదు. మూడుసార్లు నోటితో చెప్పాను. జనం ఎక్కువైతే విరుగుతుంది. బాగుచేసేదాకా నేను నడపను. నా ఉద్యోగం తీసేసినా సరే. జనం ప్రాణాలు నా చేతిలో ఉన్నాయి. దయచేసి చూడవలసింది.

దాని కింద వేరే చేతిరాత అని రాసి, అదీ రాశాడు. "రద్దీ రోజులు. నడపకపోతే ఇల్లు ఖాళీ చేయమనండి." సరంగు కుటుంబం ఉండేది రేవు శాఖ ఇచ్చిన ఇంట్లో. సంతకం రేవు అధికారిది. ఆయన ఈ నాలుగేళ్ళలో ఎంత ఎత్తుకు పోయాడో మా ఆఫీసులో అందరికీ తెలుసు. విచారణ చేసినాయన ఆ కాగితాన్ని ఫైల్లో పెట్టాడు గానీ నివేదికలో పెట్టలేదు.

నష్టపత్రానికి ఒక నియమం ఉంది. పోయిన కాగితం కోసం ఎవరైనా అర్జీ పెట్టి ఉంటే, నష్టపత్రం నకలు వాళ్ళకు పంపి తీరాలి. పాతికేళ్ళ కిందట ఆ నియమాల పుస్తకం టైపు చేయించింది బాబాయే. పైనున్నవాళ్ళలో దాన్ని తెరిచినవాళ్ళు లేరు.

చిన్న సారు సంతకం కావాలి. బాబాయి ఫారం ఆయన బల్ల మీద పెట్టాడు. మొదటి గడి చూసి చిన్న సారు మొహంలోకి మళ్ళీ రక్తం వచ్చింది. నింద మోసే మెడ తనంతట తనే వచ్చి వంగింది కదా.

"మొత్తం చదవాలా గురువుగారూ?"

"నీ ఇష్టం నాన్నా. నేను నీ దగ్గర లెక్కపెట్టలేదు."

సంతకం పెట్టాడు. చదవకుండా పెట్టాడో, చదవనట్టు నటించి పెట్టాడో దేవుడికి తెలియాలి. పిన్ని రెండోదే అంటుంది. నేను మాత్రం చదవలేదనే అంటాను. మంచితనాన్ని అంత చౌకగా ఎవరికీ అంటగట్టను.

బయటికొచ్చాక వరండాలో అడిగాను. "ఇంతమంది దగ్గర లెక్కపెట్టారు. ఆ రోజు ఒక్కసారి ఎందుకు లెక్కపెట్టలేదు బాబాయ్?"

"ముప్ఫై ఒక్క ఏళ్ళు అందరి దగ్గరా లెక్కపెట్టాను. ఒక్కడి దగ్గరైనా లెక్కపెట్టకుండా ఉండాలనిపించింది" అన్నాడు.



ఆ వారమే నేను నకలు తీసి, కవరులో పెట్టి, సరంగు భార్యకు పంపాను. వారం తిరక్కుండా పేపర్లలో వచ్చింది, రికార్డు గుమాస్తా నిర్లక్ష్యం, కీలక పత్రం గల్లంతు అని. మంత్రిగారు బాధ్యుడిపై కఠిన చర్య తీసుకున్నామన్నారు. బాబాయిని ఉద్యోగంలోంచి తీసేశారు, పింఛను ఆపేశారు. నాలుగు పైసలకు అమ్ముకున్నాడన్నారు కొందరు. ఆయన డబ్బాలో అన్నం తిన్నవాళ్ళే అన్నారు. చివరి రోజు ఆయన దబ్బనం నా బల్ల మీద పెట్టి వెళ్ళాడు. ఎవరికీ నిజం చెప్పొద్దని నా చేత ఒట్టు వేయించుకున్నాడు. తను పోగొట్టలేదని తెలిసిందంటే నష్టపత్రం అబద్ధమవుతుంది, నష్టపత్రం అబద్ధమైతే ఎనిమిది పంక్తులూ పోతాయి అన్నాడు.

తర్వాత ఒక అచ్చాఫీసులో నోటు పుస్తకాలు కుట్టే పనికి కుదిరాడు. తెల్లకాగితాలు, చదవడానికేమీ ఉండదు, హాయిగా ఉంది అనేవాడు. నేను నవ్వేదాన్ని కాదు.

ఒక ఆదివారం మధ్యాహ్నం నేను వాళ్ళింట్లో ఉండగా సరంగు భార్య వచ్చింది. ఎవరో ఇల్లు చూపించారట. పదిహేడు మెట్లెక్కి గుమ్మంలో నిలబడింది, చేతిలో నష్టపత్రం నకలు.

"మీరేనా పోగొట్టింది?"

"నేనేనమ్మా."

"నాలుగేళ్ళు కాళ్ళరిగేలా తిరిగాను. మీ ఎదుటే కూర్చున్నాను. ఆయన చేత్తో రాసింది ఈ భూమ్మీద అదొక్కటే మిగిలింది. నా కూతురికి వాళ్ళ నాన్న రాత కూడా లేకుండా చేశారు." గొంతు పెంచలేదు. "మీ చేతులు పడిపోను."

పిన్ని లేవబోయింది. బాబాయి కళ్ళతో ఆపాడు. గ్లాసుతో మంచినీళ్ళు తెచ్చి ఇచ్చాడు. ఆవిడ తీసుకోలేదు.

"అమ్మా, ఒక్కటి చెప్పండి. అందులో ఎనిమిది పంక్తులూ ఉన్నాయా? కింద ముద్ర సరిగ్గా పడిందా?" అని అడిగాడు.

"ఉన్నాయి. పడింది."

"అయితే చాలు. దాన్ని మడతపెట్టకండి. మడత దగ్గర అక్షరాలు పోతాయి."

ఆవిడ ఆయన్ని పిచ్చివాణ్ణి చూసినట్టు చూసి దిగిపోయింది. బాబాయి ఆ గ్లాసు చేతిలో పట్టుకుని అలాగే నిలబడ్డాడు. నేను వంటింట్లోకి పోయి ఏడ్చాను.

ఆ తర్వాత బాబాయి రెండేళ్ళు కూడా బతకలేదు. గుండె అన్నారు డాక్టర్లు. చిన్న సారు రాలేదు. ఒక పూలదండ పంపాడు. పిన్ని దాన్ని మెట్ల దగ్గరే పెట్టించింది.

లాంచీ కేసు మళ్ళీ విచారించారు. రేవు అధికారికి ఏమీ కాలేదు. అసలు కాగితం లేనిదే చర్య కుదరదన్నారు. ఆయన సన్మానంతో రిటైరయ్యాడు. కానీ రెండో నివేదికలో ఒక వాక్యం వచ్చింది. సరంగు ముందుగానే హెచ్చరించినట్టు నష్టపత్రం వల్ల తెలియుచున్నది అని. ఆ ఒక్క వాక్యం పట్టుకుని ఆవిడ ఇంకో ఏడాది తిరిగింది. కిందటి నెల పేరు చెక్కారు.

చెక్కిన మర్నాడు నేను రేవుకు వెళ్ళాను. ఆవిడ అక్కడే ఉంది, కూతురితో. చెక్కినచోట మిగిలిన పొడిని కొంగుతో తుడుస్తోంది. నన్ను చూసి మొదటిసారి నవ్వింది. కాసేపటికి తనే అడిగింది.

"ఆ కాగితం పోగొట్టిన ముసలాయన ఉన్నాడా?"

"పోయాడమ్మా."

"ఆ రోజు మంచినీళ్ళిచ్చాడు. ఆ చేతులతో ఇచ్చినవి తాగబుద్ధి కాలేదు" అంది. కోపంగా కూడా అనలేదు, మామూలుగా అంది. "ఒక్క కాగితం దాచలేకపోయాడు."

బాబాయికి వేసిన ఒట్టు అడ్డం వచ్చింది. రాయి దగ్గరికి వెళ్ళి పేర్లు లెక్కపెట్టాను, పై నుంచి ఒకసారి, కింద నుంచి ఒకసారి. రెండుసార్లూ ఇరవై వచ్చాయి.